ఎరుపు తిరగని డ్రమ్ము

ఎదురు వాటాలో ఉండే దర్జీ ఆవిడ పాలతనితో అన్నదట. పాలతను ఆ మాటలో తన వంతు నీళ్ళు కలిపి వీధి పొడుగునా పోసుకుంటూ వచ్చి, చివరికి అది ఎవరి గురించిన మాటో వాళ్ళ గుమ్మంలోనే కొలిచాడు.

“మేడ మీద పెద్దావిడ లేదూ, ఆవిడ కోడలి మూతికి గుడ్డ కట్టి, అద్దాలపెట్టె ముందు కూర్చోబెట్టి, తను వెనకాల నిలబడి కాపలా కాస్తుందటండీ. ఆ పిల్ల మాట్లాడితే తప్పట, దగ్గితే ఇంకా తప్పట. సీసాల్లో ఏవో తెల్ల ముద్దలు పెంచుతారట. ఈ మధ్య ఆ పిల్ల చెయ్యి తగిలిందల్లా పాలిపోతోందట. రేపోమాపో పెట్టె ముందు నుంచి లేపేస్తారట. నాకెందుకు లెండి, విన్నమాట చెప్పాను.”

పాలగిన్నె పట్టుకుని ఇదంతా విన్నది ఆ ఇంటి కొడుకే. మెట్లెక్కి వచ్చి భార్యకు అక్షరం పొల్లుపోకుండా ఒప్పజెప్పి, “మనింటి వార్తలు మనకి పాలతోపాటు వస్తున్నాయి” అని నవ్వబోయాడు. భార్య నవ్వలేదు. గుడ్డ అంటే మాస్కు. అద్దాలపెట్టె అంటే లామినార్, దుమ్మూ క్రిమీ లేకుండా వడగట్టిన గాలి ముఖం మీదికి వీస్తూ ఉండే బల్ల. దర్జీ ఆవిడ తన కిటికీలోంచి కనబడినంత మేర కొలత తప్పకుండానే కుట్టింది. ఆ చివరి మాట కూడా నిజమే. అదే గుచ్చుకుంది.

ఆ ఇంట్లో కాపురం కింద, పని పైన. పైన నాలుగు గదులు. మొదటి దాంట్లో సీసాలు కడిగి ఆవిరి పడతారు. రెండో దాంట్లో లామినార్. మూడోది చీకటిగది, అరల నిండా సీసాలు. నాలుగో దాంట్లో స్టీలు డ్రమ్ము, దాని పొట్టకు అరచేతి మందాన అద్దపు కిటికీ. పెంచేది మొక్కలను కాదు. కొండవాలుల్లో ఒకప్పుడు విరివిగా మొలిచిన ఒక చిన్న మొక్క వేరులో ఎర్రటి పదార్థం ఒకటి ఉండేది. కాలిన గాయాలకు రాసే లేపనానికి అదే ప్రాణం. వేరు కావాలంటే మొక్కను పెకలించాలి కదా, పెకలించి పెకలించి కొండలను బోడిగుండ్లు చేశారు. అత్తగారు కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే రోజుల్లో చివరి చివరి వేర్లలో ఒకదాన్ని తెచ్చి, కడిగి, చీరి, పలుచటి ముక్కను తిండి కలిపిన జెల్లీ మీద పెట్టింది. ముక్క ఉబ్బి ముద్దయింది. ఆకు లేదు, కాడ లేదు, వేరు కూడా లేదు. ఉట్టి కణాల ముద్ద. దాన్ని తుంచి ఇంకో సీసాలో పెడితే ఇంకో ముద్ద. అలా తుంచుకుంటూ, పెంచుకుంటూ వచ్చిన సంతానమే ఇప్పుడు చీకటిగదిలో ఉన్నదంతా.

ముద్దలు చాలినన్ని కాగానే డ్రమ్ములోకి దింపుతారు. మొదటి నీళ్ళలో కడుపునిండా తిండి. రెండో నీళ్ళలో కడుపు మాడ్చాలి. కడుపు మాడితేనే కణాలు ఎరుపెక్కుతాయి. ఆ ఎరుపే మందు.

మొదట్లో డ్రమ్ము దానిమ్మ గింజల రంగుకు తిరిగేది. కొడుకు అద్దంలోంచి చూసి ఈల వేసేవాడు. తరవాత తరవాత ఎరుపు తగ్గుతూ వచ్చింది, ఉతికి ఉతికి వెలిసిన గుడ్డలాగా. పోయినసారి దించిన డ్రమ్ము బియ్యం కడిగిన నీళ్ళలా ఉంది. అంతకు ముందుది కూడా పేరుకే ఎరుపు.

“డ్రమ్ము నీళ్ళు నేనే తూచి కలిపాను” అంది అత్తగారు, పాలతను ఆ కబురు తేకముందు ఒక రాత్రి, అన్నాల దగ్గర, ఎవరి వంకా చూడకుండా. “డ్రమ్ము వేడి, గాలి నా కొడుకు చూసుకున్నాడు. అవి రెండూ సరిగ్గానే ఉన్నాయి. ఇక మిగిలింది చెయ్యి.”

కోడలి చేతిలో అన్నం ముద్ద చేతిలోనే ఉంది.

“అమ్మా, తినేటప్పుడు...”

“నువ్వుండరా. అమ్మాయ్, నీమీద నాకు కోపం లేదు. ఈసారి డ్రమ్ము కూడా తెల్లగానే దిగితే మాత్రం మా చెల్లెలి కూతుర్ని రప్పిస్తాను. అది కూర్చుంటుంది లామినార్ ముందు. నువ్వు సీసాలు కడుగుదువుగాని. ఇంటి మనిషివి, నీకు పనికేం తక్కువ?”

కోడలు సరేనంది. ఆ ఇంట్లో సరే అనడమే అలవాటు. వంటిల్లు అత్తగారిది. డ్రమ్ము భర్తది. హాలు వచ్చేపోయేవాళ్ళది. లామినార్ ముందున్న ఆ గుండ్రటి స్టూలు ఒక్కటే తనది. దానిమీద కూర్చుంటే చదివిన చదువు చేతివేళ్ళలోకి వచ్చేది. ముఖానికి చల్లటి గాలి, పక్కన స్పిరిట్ దీపం, చేతిలో ఫోర్సెప్స్, ఎదురుగా మూత తెరిచిన సీసా. మాస్కు వేసుకున్న మనిషిని ఎవరూ ఏమీ అడగరు, అడిగినా జవాబు చెప్పనక్కర్లేదు. అలాంటి చోటు ఇంకొకటి ఆమెకు లేదు.

అందుకే మొదట తననే అనుమానించుకుంది. గోళ్ళు మొదళ్ళ దాకా కత్తిరించుకుంది. జడ వెంట్రుక ఏదైనా రాలుతోందేమోనని జుట్టు మెడ దాకా కోసేసుకుంది. భర్త చూసి ఉలిక్కిపడి, “ఎవరండీ మీరు, మా ఆవిడ ఏది?” అన్నాడు. స్పిరిట్‌తో తుడిచి తుడిచి అరచేతులు పొట్టు రేగాయి. ప్రతి సీసాలోంచీ చిటికెడు తీసి బూజుకు ఇష్టమైన తిండి మీద చల్లి చూసింది, ఏదైనా క్రిమి మొలుస్తుందేమోనని. ఏమీ మొలవలేదు. అన్నీ శుభ్రంగా, అద్దంలా ఉన్నాయి. బూజు పట్టి ఉంటే బాగుండును అనిపించింది. తప్పుకు ఒక ముఖం ఉండేది.

“మరీ అంత భయపడకు” అన్నాడు భర్త. “మా అమ్మ మాటలే కటువు.”

“మాటలు కటువైతే చెవులు మూసుకుంటాను. స్టూలు లాగేస్తే ఎక్కడ కూర్చోమంటారు?”

అతను నాలిక కరుచుకుని డ్రమ్ము గదిలోకి వెళ్ళాడు.

ఈసారి డ్రమ్ముకు తిండినీళ్ళు తీసేసి ఆకలినీళ్ళు పట్టారు. పట్టినప్పటి నుంచి అతను అద్దానికి కన్ను ఆనించి ఉన్నాడు. కోడలు ఏ పనిలో ఉన్నా చెవి అటే. ఈల వినపడలేదు. “ఎలా ఉంది?” అని తలుపు దగ్గర నిలబడితే, “ఇంకా పొద్దుంది” అనేవాడు. పొద్దు మాత్రం ఆగదు కదా. రంగు తిరగవలసిన గడువు దాటింది. డ్రమ్ము లోపల అదే తెలుపు, బొద్దుగా, మెత్తగా, ఏ చీకూచింతా లేనట్టు సుళ్ళు తిరుగుతోంది.

అంతలో ఆ ఎరుపును కొనే మందుల కంపెనీ నుంచి కబురు వచ్చింది. తమ కెమిస్టు స్వయంగా వచ్చి చూస్తాడని.

అత్తగారు పైట బిగించింది. గోడలు తుడిపించింది, గాజుసామాను తళతళలాడించింది. చీకటిగదిలోకి వెళ్ళి అరలు చూసి ముక్కు చిట్లించింది. ఒక మూల అరలో పాత సీసాలు ఉన్నాయి. తుంచాల్సిన తెల్లభాగం తుంచుకోగా మిగిలినవి, అక్కడక్కడ గోధుమరంగు మచ్చలతో, ముదురుగా, గిడసబారి.

“ఒరే, ఇవన్నీ ఇవాళే ఆవిరిలో వేసి పారబొయ్యి. వచ్చినవాడి కంటికి ఒక్క మచ్చ సీసా కనబడకూడదు. మనం మురికిగా పని చేస్తామనుకుంటాడు.”

పారేసే సీసాలనైనా ఊరికే పారేయరు. ఆటోక్లేవ్‌లో, అంటే గట్టి మూత బిగించిన ఆవిరిపెట్టెలో, మరగబెట్టి లోపలిదంతా చంపాకే బయట పడేస్తారు. కొడుకు బుట్టలకెత్తాడు కానీ, ఆవిరి పట్టడం తెల్లవారికి వాయిదా పడింది.

కెమిస్టు మర్నాడు పొద్దున్నే దిగాడు. పొట్టిగా, గుండ్రంగా, మాటకు మాటకు మధ్య ఊపిరి పీల్చుకునే మనిషి. ఏది చూసినా ఒక కన్ను మూసి చూసేవాడు. డ్రమ్ము అద్దం మీద టార్చి వేసి అలాగే చూశాడు. చాలాసేపు చూశాడు.

“పెరుగుదల బాగుంది” అన్నాడు.

“ఎప్పటికన్నా బాగుందండీ” అంది అత్తగారు ఆశగా. “ఇంత తొందరగా, ఇంత తెల్లగా ఎన్నడూ పెరగలేదు.”

“మాకు బరువుతో పని లేదు మేడమ్ గారూ. ఎరుపు కావాలి. లేపనం ఆగిపోయింది. ఇదే ఆఖరు డ్రమ్ము అని మావాళ్ళు చెప్పమన్నారు, చెప్తున్నాను.”

అత్తగారు వెంటనే అందుకుంది. “తప్పు కణాలది కాదు బాబూ. చేతిది. ఆ చెయ్యి ఎలాంటిదో చూసుకోలేదు ఇన్నాళ్ళూ. మనిషిని మార్చేస్తున్నాను. మా చెల్లెలి కూతురు వస్తోంది.”

కోడలు ట్రేలో జెల్లీ పోసిన కొత్త సీసాలు పట్టుకుని ద్వారబంధం దగ్గరే ఉంది. పరాయివాడి ముందు ఆ మాట వినేసరికి ట్రేలో సీసాలు ఒకదాన్నొకటి తాకి చప్పుడు చేశాయి.

కెమిస్టు అటు తిరిగాడు. “చేతిదైతే చూస్తే తెలుస్తుంది. ఏదమ్మా, ఒకసారి చెయ్యి చూపించు.”

“జాతకానికా సార్?” అన్నాడు భర్త.

ఆమె మాస్కు కట్టుకుంది. చేతులు తుడుచుకుని స్టూలు మీద కూర్చుంది. ఆఖరిసారి కూర్చుంటున్నానేమో అనుకుంది. ఫోర్సెప్స్ దీపంలో కాల్చి, చల్లారనిచ్చి, తుంచడానికని ముందే బల్ల దగ్గర పెట్టుకున్న సీసా మూత తిప్పి, సీసా మూతిని మంటకు చూపింది. లోపలి ముద్దను గాజుపళ్ళెంలోకి దించి విడదీయసాగింది. తెల్లవి కుడివైపు కొత్త సీసాలోకి. మచ్చలవి ఎడమవైపు చిన్న గిన్నెలోకి. పారేసేవాటికి కూడా ఆవిరిపట్టిన గిన్నే వాడాలని అత్తగారి ఆజ్ఞ. వెనకాల ఆవిడ గొంతు మామూలుగానే మొదలయింది.

“అదిగో, ఆ మెత్తటిది తీసుకో. దాని పక్కది కూడా. ఆ మచ్చది తీసెయ్. ఇంకోటి ఉంది చూడు కింద, నల్లబడింది, అదీ తీసెయ్.”

“ఆగండి” అన్నాడు కెమిస్టు. “మచ్చవి ఎందుకు తీసేస్తున్నారు?”

అత్తగారికి తరగతిలో నిలబడ్డంత హుషారు వచ్చింది. “అది అసలు మొదటి పాఠం బాబూ. కణం గోధుమరంగు తిరిగిందంటే చావుకు దగ్గరైనట్టు. ఇది మొదలుపెట్టక ముందు నేను పూలమొక్కలు చేసేదాన్ని, సీసాల్లో. ఒక్క మచ్చ వదిలినా సీసా మొత్తం మాడి ఊరుకునేది. అందుకే ఈ అమ్మాయికి మొదటి రోజే చెప్పాను, కంటికి తెల్లగా, నున్నగా ఉన్నదే మన బిడ్డ, మిగతాది చెత్త అని. ఒకసారి అడిగింది కూడా, వీటిని ఉంచనా అని. ముదిరిపోయినవాటితో పనేంటి అన్నాను.”

ఆవిడ మాట్లాడుతూనే ఉంది. కోడలి చెయ్యి ఆగిపోయింది. తరవాత ఎవరూ చెప్పని పని ఒకటి చేసింది. ఎడమ గిన్నెలోంచి మచ్చముద్ద ఒకటి తీసి, గాజుపళ్ళెం మీద పెట్టి, ఫోర్సెప్స్ మొనతో నొక్కి లాగింది.

గాజు మీద ఎర్రటి గీత పడింది. దానిమ్మ గింజ చిదిపినట్టు.

కుడివైపు నుంచి ఒక తెల్లముద్ద తీసి, దాన్నీ అలాగే నొక్కి లాగింది. నీళ్ళు.

అత్తగారి మాట మధ్యలో తెగింది. కెమిస్టు ఈసారి రెండు కళ్ళూ తెరిచి చూశాడు.

“పూలమొక్కల్లో మీకు పువ్వు కావాలి” అన్నాడు మెల్లగా. “ఇక్కడ కావలసింది ఆ మచ్చే కదా మేడమ్.”

అప్పటికి అందరికీ అర్థమైంది. మందు తయారుచేసే కణానికి ఒళ్ళు చెయ్యదు. చాకిరీ చేసి చేసి చిన్నగా, ముదురుగా ఉంటుంది. ఆ చాకిరీ తప్పించుకున్నదే తెల్లగా, బొద్దుగా, చూడముచ్చటగా పెరుగుతుంది. ఇన్నాళ్ళూ ఈ ఇంట్లో తుంచిన ప్రతిసారీ సోమరివాటిని ఏరి ఏరి మేపారు, పనిచేసేవాటిని ఏరి ఏరి చంపారు. డ్రమ్ములో తిరుగుతున్నది ఆ సోమరుల సంతానం. దాన్ని ఎంత కడుపు మాడ్చినా ఎరుపు ఎక్కడి నుంచి వస్తుంది?

“పాత సీసాలు” అంది కోడలు మాస్కు లోంచి. “ఏమండీ, పాత సీసాలు! వాటినిండా మచ్చలే!”

భర్త ముఖం చూస్తే చాలు, జవాబు అక్కర్లేదు. “ఇందాకే పెట్టాను” అంటూ మొదటి గదిలోకి పరుగెత్తాడు. వెనకాల అందరూ. ఆటోక్లేవ్ బుసకొడుతోంది. ముల్లు పైకి లేచి వణుకుతోంది. అతను స్విచ్ కట్టేశాడు.

“మూత తియ్యరా!”

“తియ్యకూడదమ్మా, లోపల ఆవిరి ఉంది.”

“నా ప్రాణాలన్నీ అందులో ఉన్నాయిరా, తియ్యి!”

“తీస్తే ఎగిరేది మూత కాదు, నా తలకాయ! ఆగు!”

ఆవిరి వదిలే చిన్న గొట్టం తిప్పాడు. కూత పెట్టింది. గదంతా పొగలాగా కమ్మింది. ముల్లు దిగడం మొదలెట్టింది. ఎంత మెల్లగా దిగిందంటే, దిగుతోందా ఆగిపోయిందా అని కోడలు ముల్లును కాక దాని కింది గీతను చూస్తూ నిలబడింది. అత్తగారు రెండు చేతులూ ఒకదాన్నొకటి పిసుకుతోంది. కూత సన్నబడింది. ముల్లు వాలింది.

భర్త గుడ్డ చుట్టుకుని మూత తీశాడు. ఒక సీసా పైకెత్తాడు. జెల్లీ కరిగి నీళ్ళయింది. అందులో ముద్దలు తేలుతున్నాయి. తెల్లది, మచ్చది తేడా లేదు, అన్నీ ఒకటే బూడిద రంగు.

“ఉడికిపోయాయి” అన్నాడు.

కెమిస్టు నుదురు తుడుచుకున్నాడు. “ఇంకెక్కడా లేవా? పైన, కింద, ఎక్కడైనా? చీకటిగదిలో?”

“ఒక్కటీ లేదు” అంది అత్తగారు. “అన్నీ ఏరించాను. మీరొస్తున్నారని. మురికిగా ఉంటే బాగుండదని.” తర్వాత ఏం తోచిందో, “కొండ మీద వేరు కూడా లేదు” అంది, ఎవరితోనో కాదు, గోడతో.

“లామినార్‌లో ఉన్నాయి” అంది కోడలు.

అందరూ ఆమె వంక చూశారు.

“ఇప్పుడు తీసినవి. ఎడమ గిన్నెలో. మూత పెట్టలేదు. గాలికి ఎండిపోతుంటాయి.”

ఆ మాట పూర్తికాకముందే అత్తగారు కదిలింది. ఆ వయసులో ఆవిడ అంత వేగంగా నడవగలదని కొడుక్కే తెలియదు. కోడలు గదిలోకి వచ్చేసరికి ఆవిడ స్టూలు మీద కూర్చుని మాస్కు తగిలించుకుంటోంది.

“అత్తయ్యా, నేను...”

“నువ్వు పక్కకుండు. ఇది ఆటలాడే సమయం కాదు. ఈ మొక్కను కాపాడింది నేను, నేనే చూసుకుంటాను.”

గిన్నెలో మచ్చముద్దలు నాలుగే ఉన్నాయి, మెంతిగింజల కన్నా కాస్త పెద్దవి. అప్పుడే అంచులు ముడుచుకుంటున్నాయి. ఆవిడ ఫోర్సెప్స్ అందుకుని మంటలో పెట్టింది. ఈ స్టూలు మీద కూర్చుని ఎన్నాళ్ళయిందో ఆవిడకే గుర్తులేదు. ఇన్నాళ్ళూ వెనకాల నిలబడి నోటితో చేసిన పనే. తొందరలో ఫోర్సెప్స్ చల్లారనివ్వలేదు. మొన తగలగానే మొదటి గింజ చుయ్యిమంది. సన్నటి పొగ లేచింది.

కెమిస్టు ఒక కన్ను మూసుకున్నాడు.

“ఫరవాలేదు” అంది అత్తగారు తనకు తనే. రెండోదాన్ని పట్టుకుంది. ఈసారి చల్లగానే ఉంది ఫోర్సెప్స్, వణుకుతున్నది చెయ్యి. సీసా మూతి దాకా వెళ్ళింది గింజ, మూతి అంచుకు తగిలింది, జారింది, బల్ల మీద పడి దొర్లి నేలమీదికి పోయింది. కొడుకు అసంకల్పితంగా వంగాడు, వంగి, అందుకోకుండానే లేచాడు. నేలను తాకినది ఇక పనికిరాదు.

గిన్నెలో రెండు మిగిలాయి.

అత్తగారు ఫోర్సెప్స్ పట్టుకునే ఉంది. దాని మొన ఆగడం లేదు. దాన్ని ఆపడానికి మణికట్టును ఎడమచేత్తో పట్టుకుంది. అప్పుడు రెండు చేతులూ వణికాయి. ఆవిడ కొడుకు వంక చూసింది, కెమిస్టు వంక చూసింది, ఎవరూ చూపు కలపలేదు. మెల్లగా ఫోర్సెప్స్‌ను స్పిరిట్ గ్లాసులో పెట్టింది. బల్ల అంచు పట్టుకుని స్టూలు మీది నుంచి లేచింది. మాస్కు ఇంకా ముఖం మీదే ఉంది, అందుకని పెదవుల సంగతి తెలియలేదు.

“నువ్వే కూర్చో” అంది.

కోడలు కూర్చోలేదు.

“కూర్చోవే, ఎండిపోతున్నాయి! ఫోర్సెప్స్ బాగా చల్లారాక పట్టుకో. ముందు ఆ పెద్దది తియ్యి. పట్టినప్పుడు నొక్కకు. సీసా వాలుగా పెట్టు, నేను వెనకాలే ఉంటాను, ఎలా చెయ్యాలో చెప్తాను...”

“అమ్మా” అన్నాడు కొడుకు.

“నేను చెప్పేది వినమను దాన్ని!”

కోడలు చేతులు స్పిరిట్‌తో తుడుచుకుంది. పొట్టు రేగిన అరచేతులు మండాయి. స్టూలును తనకు సరిపోయేంత ఎత్తుకు తిప్పుకుంది. దీపం వత్తి సరిచేసింది. అప్పుడు, ఇంకా నిలబడే, అత్తగారి కళ్ళలోకి చూసింది.

“కూర్చుంటాను. మీరు గదిలోంచి బయటికి నడవండి.”